కాల్ ఉచితమైతే రీచార్జ్ ఎందుకు పెరుగుతోంది? ఫోన్ మాట ధర మారిన తీరు

క్లుప్తంగా: ఒకప్పుడు ఫోన్ చార్జీ దూరాన్ని బట్టి ఉండేది. తర్వాత నిమిషాన్ని బట్టి, ఆపైన సెకనును బట్టి మారింది. ఇప్పుడు రోజులను బట్టి కడుతున్నాం. మాట ధర ఇంతగా పడిపోవడానికి సాంకేతికత ఒక కారణం. లైసెన్సు ఫీజుల విధానం, పోటీ, ఒక కంపెనీ మరో కంపెనీకి ఎంత చెల్లించాలన్న లెక్క కూడా అంతే బలమైన కారణాలు. ఈ మార్పులో బాగా లాభపడింది ఎక్కువ మాట్లాడేవారు. అప్పుడప్పుడు ఫోన్ ఎత్తితే చాలనుకునేవారికి మాత్రం 2018 తర్వాత ఖర్చు పెరిగింది.

2024 జూలైలో మూడు ప్రైవేటు టెలికాం కంపెనీలూ ఒకరి వెనక ఒకరు రీచార్జ్ ధరలు పెంచాయి. జియోలో 155 రూపాయల ప్యాక్ 189 అయింది, ఎయిర్‌టెల్‌లో 179 ప్యాక్ 199 అయింది. రెండింటి మీదా ‘అన్‌లిమిటెడ్ కాల్స్’ అనే ఉంటుంది. మాట్లాడడం ఉచితమైతే మరి పెరుగుతున్నది దేని ధర అన్న సందేహం రీచార్జ్ దుకాణం ముందు నిలబడిన ఎవరికైనా వస్తుంది. జవాబు దొరకాలంటే ఇన్నేళ్లుగా మన దగ్గర వసూలు చేసిన చార్జీ అసలు దేనికి అన్నది చూడాలి. ఫోన్ చార్జీ ఎప్పుడూ ఒకే వస్తువుకు ధరగా లేదు.

## ట్రంకాల్: ధర కట్టి క్యూ దాటడం

ఎస్టీడీ రాకముందు పక్క జిల్లాతో మాట్లాడాలన్నా ట్రంకాల్ బుక్ చేయాల్సిందే. ఎక్స్ఛేంజీలో ఆపరేటరుకు ఊరి పేరు, నంబరు చెప్పి ఫోను పెట్టేసి కూర్చోవాలి. లైను గంటలో దొరకవచ్చు, సాయంత్రానికి దొరకవచ్చు. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు తరగతులుండేవి. అర్జెంటుకు రెట్టింపు చార్జీ, లైట్నింగుకు ఎనిమిది రెట్లు. ఫలానా మనిషి లైన్లోకి వస్తేనే మాట్లాడతానంటే అది పీపీ (పర్టిక్యులర్ పర్సన్) కాల్, దానికి అదనం. మూడు నిమిషాలు కాగానే మధ్యలో ఆపరేటరు వచ్చి పొడిగించాలా అని అడిగేవారు. ఇంట్లో ఫోను లేనివాళ్లు విజిటింగ్ కార్డుల మీద, శుభలేఖల మీద పక్కింటివారి నంబరు వేసి దాని పక్కన ‘పీపీ’ అని అచ్చు వేయించుకోవడం ఈ పద్ధతి నుంచి పుట్టిందే.

రెండు పట్టణాల మధ్య ఉన్న ట్రంకు లైన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఒక సంభాషణ నడుస్తున్నంతసేపూ ఒక లైను పూర్తిగా దానికే అంకితం. అడిగేవాళ్లు ఎక్కువ, లైన్లు తక్కువ. అందుకే ఎనిమిది రెట్లు ఇచ్చేవారిని ముందుకు పంపి, మిగతావారిని ఆపేవారు. చావు కబురు చెప్పాల్సినవాడు కూడా లైట్నింగుకు డబ్బు లేకపోతే ఆర్డినరీ వరసలో ఉండాల్సిందే. ఆ రోజుల్లో దూరపు కబురుకు జనం ఫోను కన్నా టెలిగ్రాముకే అలవాటు పడటానికి ఇదొక ముఖ్య కారణం.

ఆపరేటరుతో పని లేకుండా నేరుగా డయల్ చేసే ఎస్టీడీ మన దేశంలో 1960 నవంబరులో లక్నో, కాన్పూర్ మధ్య మొదలైంది. విదేశాలకు నేరుగా డయల్ చేసే ఐఎస్డీ 1976లో ముంబై, లండన్ మధ్య వచ్చింది. కానీ చిన్న ఊళ్లకు ఈ సౌకర్యం చేరడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్, టెలికాం ఇంజినీరు శామ్ పిట్రోడా ఆధ్వర్యంలో, ఏసీ గది అక్కర్లేకుండా దుమ్మునూ ఎండనూ తట్టుకునే 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజీని తయారుచేసింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో అది మొదటిసారి పనిచేసింది. మండల కేంద్రాల్లో డిజిటల్ ఎక్స్ఛేంజీలు రావడానికి, 040, 0866, 0891, 0878 లాంటి కోడ్లు జనం నోట నానడానికి దారి వేసింది ఇలాంటి యంత్రాలే.

## బూత్‌లో ఎర్ర అంకెలు

పసుపు బోర్డు మీద ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీఓ అని రాసి ఉన్న అద్దాల గది 1990లలో ప్రతి బస్టాండు దగ్గరా ఉండేది. లోపల ఫోను, దాని పైన ఎర్ర అంకెలు వెలిగే డబ్బా. ఆ డబ్బా ఎలా లెక్కపెట్టేదో తెలిస్తే అప్పటి ధర విధానమంతా తెలిసినట్టే.

ఎక్స్ఛేంజీ నుంచి లైను మీద ‘పల్స్’ అనే సంకేతం వస్తూ ఉండేది. ఒక పల్స్ వస్తే మీటరు మీద ఒక యూనిట్ పెరుగుతుంది. యూనిట్ ధర ఎక్కడికి చేసినా ఒకటే. మారేది పల్స్‌కీ పల్స్‌కీ మధ్య వ్యవధి. లోకల్ కాల్‌కు మూడు నిమిషాలకొక పల్స్. దూరం పెరిగేకొద్దీ పల్స్ దగ్గరపడుతుంది. వెయ్యి కిలోమీటర్లు దాటిన ఊరికి పగటిపూట రెండు సెకన్లకొక పల్స్. విజయవాడ నుంచి ఢిల్లీకి చేస్తే నిమిషానికి 30 యూనిట్లు. యూనిట్ రూపాయి పావలా వేసుకున్నా నిమిషానికి 37 రూపాయల యాభై పైసలు. మూడు నిమిషాలు మాట్లాడితే నూటపది రూపాయలు దాటేది. అదే మూడు నిమిషాలు ఊళ్లోనే మాట్లాడితే ఒక్క యూనిట్. అంటే దూరానికి వేసిన వెల దగ్గరి కాల్‌కు తొంభై రెట్లు.

రాత్రి రాయితీ కూడా ఇదే యంత్రాంగంతో నడిచేది. 11 గంటలు దాటితే పావు చార్జీ, అంటే రెండు సెకన్ల పల్స్ ఎనిమిది సెకన్లకు సాగుతుంది. బూత్‌ల దగ్గర రాత్రి పూట ఎక్కువ రద్దీ ఉండేది అందుకే. ఢిల్లీలో ఉద్యోగం చేసే కొడుకు, హాస్టల్లో ఉన్న కూతురు పడుకునే వేళకు తల్లిదండ్రులు బూత్ బయట బల్ల మీద వరసలో కూర్చునేవారు. లోపలివారు మాట మీద కన్నా ఎర్ర అంకెల మీదే కన్ను వేసేవారు. అంకె అనుకున్న మొత్తానికి చేరగానే వాక్యం మధ్యలో ఫోను పెట్టేసేవారు. తర్వాత చిన్న ప్రింటరు నుంచి నంబరు, సమయం, యూనిట్లు, రూపాయలతో కాగితం ముక్క బయటికి వచ్చేది.

తర్వాతి కాలంలో ఇదే రాష్ట్రంలోని పొరుగు ప్రాంతాలకు సున్నాకు బదులు 95 కలిపి డయల్ చేస్తే చార్జీ తక్కువ పడే పద్ధతి వచ్చింది. రెండు అంకెలు గుర్తుపెట్టుకుంటే బిల్లు తగ్గుతుందని తెలిసి ఇళ్లలో ఫోను పక్కన గోడ మీద ఆ కోడ్లు రాసుకునేవారు.

## దూరానికి అంత వెల ఎందుకు?

దీనికి ఒక సాంకేతిక కారణం, ఒక పద్దుల కారణం ఉన్నాయి. రెండోదాని గురించి చర్చ తక్కువ జరిగింది గానీ, ధర మీద దాని ప్రభావమే ఎక్కువ.

సాంకేతిక కారణం సూటిగానే ఉంది. కోయాక్సియల్ కేబుళ్లు, మైక్రోవేవ్ టవర్లు మోయగల సంభాషణలు పరిమితం, వాటిని వేయడం ఖరీదు. ఆప్టికల్ ఫైబర్ ఈ లెక్కను తలకిందులు చేసింది. డిజిటల్ ఎక్స్ఛేంజీలో ఒక గొంతుకు ఒక వైపు సెకనుకు 64 కిలోబిట్లు కేటాయిస్తారు. సెకనుకు 2.5 గిగాబిట్లు మోసే ఒక జత ఫైబరు మీద ఒకేసారి 30,240 సంభాషణలు నడుస్తాయి. ఆ వెంట్రుకంత గాజు పోగులోనే వేర్వేరు రంగుల కాంతి పంపితే ఆ సంఖ్య ఇంకెన్నో రెట్లవుతుంది. అలాంటప్పుడు హైదరాబాద్ నుంచి వరంగల్‌కు వెళ్లే మాటకూ, ఢిల్లీకి వెళ్లే మాటకూ కంపెనీకి పడే ఖర్చులో తేడా పైసల్లోకి దిగిపోతుంది.

ఫైబరు వచ్చాక కూడా ధర వెంటనే తగ్గలేదంటే దానికి పద్దులే కారణం. ప్రభుత్వ టెలికాం శాఖ లోకల్ కాల్‌ను, నెల అద్దెను, పల్లెల కనెక్షన్లను ఖర్చు కన్నా తక్కువకు ఇచ్చేది. ఆ లోటును ఎస్టీడీ, ఐఎస్డీ ఆదాయంతో పూడ్చేది. ఢిల్లీకి ఫోన్ చేసిన వ్యాపారి, దుబాయ్‌కి ఫోన్ చేసిన కుటుంబం కలిసి పల్లె ఫోను ఖర్చు మోసేవారన్నమాట. ఆలోచన మంచిదే. కానీ పల్లెల్లో అప్పటికి ఫోన్లు ఎన్ని ఉన్నాయన్నది అసలు ప్రశ్న. 1994 జాతీయ టెలికాం విధాన పత్రం ప్రకారం దేశంలో నూరుమందికి సుమారు 0.8 ఫోన్లే ఉన్నాయి, ప్రపంచ సగటు 10. ఉన్న లైన్లు 80 లక్షలు, కనెక్షన్ కోసం వేచి ఉన్నవారు 25 లక్షలు. 5,76,490 గ్రామాల్లో ఫోను చేరినవి దాదాపు లక్షా నలభై వేలు మాత్రమే. గల్ఫ్‌కు మనిషిని పంపిన పల్లెటూరి కుటుంబం ఇంట్లో ఫోను లేకుండానే, బూత్‌లో నిలబడి, ఫోను ఉన్నవాళ్ల అద్దెను భరించింది. ఈ కోణంలో చూస్తే ఆ సర్దుబాటు పేదలకు చేసిన మేలు తక్కువే.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో కూడా 1984లో ఏటీ అండ్ టీ ముక్కలయ్యే దాకా దూరపు కాల్స్ లాభం లోకల్ సర్వీసును పోషించేది. విడగొట్టాక దూరపు చార్జీలు పడిపోయాయి, ఇంటి లైనుకు నెలనెలా కట్టే మొత్తం పెరిగింది. పదిహేనేళ్ల తర్వాత భారత్‌లోనూ అచ్చంగా అదే జరిగింది.

## 1999 నుంచి 2003: నాలుగేళ్లలో తిరిగిన మలుపు

1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కోల్‌కతా నుంచి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌కు దేశంలో మొదటి మొబైల్ కాల్ చేశారు. తొలినాళ్లలో రద్దీ వేళ నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, పైగా వచ్చిన కాల్‌కు కూడా కట్టాలి. మొబైల్ చేతిలో ఉన్నా మోగితే నంబరు చూసి, పక్కనున్న ల్యాండ్‌లైను నుంచి తిరిగి చేసే రోజులవి.

కంపెనీలు లైసెన్సుల కోసం వేలంలో భారీ మొత్తాలు ఒప్పుకున్నాయి. ఆ ఫీజు ఏటా స్థిరంగా కట్టాలి, చందాదారులు వచ్చినా రాకపోయినా. దాంతో కొద్దిమంది డబ్బున్నవారి దగ్గరే ఎక్కువ రాబట్టాలన్న పరిస్థితి. 1999 కొత్త టెలికాం విధానం ఈ ముడి విప్పింది. స్థిర ఫీజు పోయి, వచ్చిన ఆదాయంలో వాటా ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇక్కడి నుంచి చందాదారుల సంఖ్య పెంచుకోవడమే లాభసాటి అయింది. ధర తగ్గించి జనాన్ని పెంచుకోవచ్చన్న లెక్క కంపెనీల పుస్తకాల్లో కుదిరింది ఇప్పుడే.

1997లో ఏర్పడిన నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా అదే 1999లో పద్దుల సర్దుబాటుకు దిగింది. ఎస్టీడీ చార్జీలు తగ్గించి, నెల అద్దె పెంచింది. 2000 అక్టోబరు 1న టెలికాం శాఖ సేవల విభాగం బీఎస్ఎన్ఎల్‌గా మారింది. దూరపు కాల్స్ రంగంలోకి ప్రైవేటు కంపెనీలను అనుమతించారు. పోటీ గుమ్మం దాకా రాగానే, 2002 జనవరిలో బీఎస్ఎన్ఎల్ గరిష్ఠ ఎస్టీడీ చార్జీని నిమిషానికి 24 రూపాయల నుంచి పది రూపాయల లోపుకు దించింది. ఆ ఏప్రిల్‌లో విదేశీ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం ముగిసింది. ఆ డిసెంబరులో రిలయన్స్ ఇన్ఫోకామ్ సీడీఎంఏ అనే మరో రకం సాంకేతికతతో నడిచే ఫోన్లతో వచ్చి, తన నెట్‌వర్కులో నిమిషానికి 40 పైసలకే ఎస్టీడీ ఇస్తానంది. 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ ‘వన్ ఇండియా’ పథకంతో దేశంలో ఏ మూలకైనా నిమిషానికి రూపాయి అన్నది. అక్కడితో దూరం అన్న లెక్క దాదాపు ముగిసిపోయింది.

అయితే ఈ వరసలో అన్నిటికన్నా లోతైన మార్పు 2003 మే 1న వచ్చింది. ఆ రోజు నుంచి మొబైల్‌కు వచ్చే కాల్ ఉచితం, చేసినవారే చెల్లించాలి.

## చేసినవారే కట్టాలి అంటే ఏం మారింది

ఒక నెట్‌వర్కు నుంచి మరో నెట్‌వర్కుకు కాల్ వెళ్తే, అందుకున్న కంపెనీకి కూడా ఖర్చవుతుంది. అంతకుముందు ఆ ఖర్చు ఫోను ఎత్తిన మనిషి మీద పడేది. కొత్త పద్ధతిలో కాల్ పంపిన కంపెనీ, అందుకున్న కంపెనీకి నిమిషానికి ఇంత అని ఇస్తుంది. దీన్నే ఐయూసీ (ఇంటర్‌కనెక్ట్ యూసేజ్ చార్జీ) అంటారు. ఇది మొదట 30 పైసలుగా స్థిరపడి, 2009లో 20, 2015లో 14, 2017 అక్టోబరులో 6 పైసలై, 2021 జనవరి 1న సున్నాకు చేరింది.

ఈ అంకె వినియోగదారుడికి కనిపించదు. కానీ కాల్ ధర దానికన్నా దిగువకు దిగడం కష్టం. పక్క కంపెనీకి 30 పైసలు ఇవ్వాల్సి ఉండగా ఎవరూ 20 పైసలకు కాల్ అమ్మరు. అందుకే పాత, పెద్ద కంపెనీలు ఐయూసీ ఉండాలని, కొత్తగా వచ్చినవి పోవాలని కొట్లాడాయి. కొత్త కంపెనీ చందాదారులు బయటికి చేసే కాల్స్ ఎక్కువ, లోపలికి వచ్చేవి తక్కువ కాబట్టి అది నికరంగా చెల్లించే పక్షమవుతుంది.

ఇన్‌కమింగ్ ఉచితం కావడంతో మొబైల్ ఒక్కసారిగా కూలి పనికి వెళ్లేవారి జేబులోకి వచ్చింది. తాపీమేస్త్రికి, ఆటో నడిపేవారికి, కూరగాయల వ్యాపారికి ఫోను చేసే స్తోమత కన్నా ఫోను అందుకునే వీలు ముఖ్యం. పది రూపాయల టాప్-అప్, లైఫ్‌టైమ్ కార్డు ఈ అవసరానికి సరిపోయాయి. మిస్డ్ కాల్ ఒక భాషగా మారిందీ అప్పుడే. ఒక రింగు ఇచ్చి కట్ చేస్తే బస్సు దిగాను అని, రెండు ఇస్తే నువ్వే చేయి అని ఇంటింటికీ ఒక ఒప్పందం. కంపెనీలకు దీనితో పైసా రాకపోయినా నెట్‌వర్కు పని చేయాల్సి వచ్చేది. అయినా ఆ సిమ్‌ల మీద వచ్చే కాల్స్‌కు అవతలి కంపెనీ నుంచి ఐయూసీ అందేది గనుక, రీచార్జ్ చేయని చందాదారుడు కూడా కంపెనీకి పూర్తిగా భారం కాడు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. తర్వాత జరిగినదానికి మూలం ఇందులోనే ఉంది.

2009 జూన్‌లో టాటా డొకొమో సెకనుకు పైసా అన్నది. అప్పటిదాకా నిమిషం లెక్కన, 61 సెకన్లు మాట్లాడినా రెండు నిమిషాల డబ్బు పోయేది. రూపాయి నిమిషం రోజుల్లో ‘వచ్చేశా, తలుపు తీయి’ అన్న ఇరవై సెకన్ల మాటకు రూపాయి, సెకను లెక్కన ఇరవై పైసలు. మిగతా కంపెనీలు కొద్ది నెలల్లోనే అదే బాట పట్టాయి. అప్పట్లో పన్నెండు, పదమూడు కంపెనీల మధ్య పోటీ. అంత తక్కువ ధరకు అన్ని కంపెనీలు బతకలేవని అప్పుడే తెలిసిపోయింది. 2010లో త్రీజీ, బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రం (ఫోన్ సంకేతాలు మోసే రేడియో తరంగాలు) వేలాల్లో ఇవి లక్ష కోట్ల రూపాయలకు పైగా పెట్టాయి, చాలావరకు అప్పు తెచ్చి. 2012 ఫిబ్రవరి 2న 2జీ కేసులో సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులను రద్దు చేసింది. కంపెనీలు ఒకటొకటిగా తగ్గడం అక్కడ మొదలైంది.

## మాట కూడా డేటాయే

2016 సెప్టెంబరు 5న జియో వచ్చి వాయిస్ కాల్‌కు ఎప్పటికీ చార్జీ లేదంది. దీన్ని చాలామంది వ్యాపార ఎత్తుగడగానే చూశారు. దాని వెనక ఒక సాంకేతిక లెక్క కూడా ఉంది. పాత నెట్‌వర్కుల్లో మాటకు ప్రత్యేకమైన దారి ఉండేది. ఫోర్‌జీలో వోల్టీ (VoLTE) పద్ధతిలో మాట కూడా వాట్సాప్ ఫొటోలా, యూట్యూబ్ వీడియోలా డేటా పొట్లాలుగా వెళ్తుంది. అందులోనూ అతి చిన్న పొట్లం.

ఒక నిమిషం మాటకు అన్నీ కలిపి అర మెగాబైటు అనుకుందాం, నిజానికి అంతకన్నా తక్కువే చాలు. రోజుకు 1,440 నిమిషాలు. నిద్ర, తిండి మానేసి రోజంతా మాట్లాడినా 720 మెగాబైట్లు, అంటే రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాకులో సగం కూడా కాదు. జనం వాడే డేటాలో మాట వాటా ఇంత చిన్నదైనప్పుడు నిమిషాలు లెక్కపెట్టి బిల్లు వేసే యంత్రాంగమే దండగ. అందుకే మాటను ఉచితం చేసి, డేటాకు ధర పెట్టారు. పోటీ కంపెనీలకు వేరే దారి లేకపోయింది. రిలయన్స్ కమ్యూనికేషన్స్, ఎయిర్‌సెల్ మొబైల్ సేవలు ఆగిపోయాయి, టాటా టెలిసర్వీసెస్ మొబైల్ విభాగం ఎయిర్‌టెల్‌లో కలిసింది, 2018 ఆగస్టులో వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. మిగిలినవి మూడు ప్రైవేటు కంపెనీలు, బీఎస్ఎన్ఎల్.

విదేశీ కాల్స్‌లోనూ ఇదే తర్కం నడిచింది. అమెరికాలోని తెలుగువారు ఒకప్పుడు కాలింగ్ కార్డు వెనక గీకి, పిన్ నంబరు కొట్టి, మిగిలిన నిమిషాలు వింటూ మాట్లాడేవారు. 2015లో వాట్సాప్‌లో మాట, 2016లో వీడియో వచ్చాక ఆ కార్డుల అవసరం తీరిపోయింది. గల్ఫ్‌లో మాత్రం కథ వేరు. యూఏఈలో వాట్సాప్ కాల్‌కు అనుమతి లేదు, అక్కడి నియంత్రణ సంస్థ అనుమతించిన యాప్‌లే వాడాలి. సాంకేతికంగా ఖర్చు సున్నాకు దగ్గరైనా నిబంధన వల్ల ధర నిలబడగలదనడానికి ఇదే రుజువు. అక్కడ పనిచేసే జగిత్యాల, నిజామాబాద్ మనిషికి ఊళ్లో పిల్లల ముఖం చూడాలంటే డాలస్‌లోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కన్నా ఎక్కువ తిప్పలు, సంపాదన మాత్రం ఎన్నో రెట్లు తక్కువ.

కాల్ ధర సున్నా కావడానికి మరో పర్యవసానం ఉంది. నిమిషానికి 37 రూపాయలు పడే రోజుల్లో వెయ్యిమందికి ఫోన్ చేసి ఒకరిని మోసం చేయాలన్నా గిట్టుబాటు కాదు. ఇప్పుడు ప్రయత్నానికి ఖర్చు లేదు. లోన్ కావాలా అని విసిగించే కాల్ నుంచి ‘డిజిటల్ అరెస్ట్’ అని వృద్ధులను గంటల తరబడి లైన్లో బంధించే మోసం దాకా అన్నిటికీ ఈ ఉచితమే ఇంధనం. ధర ఆపిన దాన్ని ఇప్పుడు నిబంధనలతో ఆపాల్సి వస్తోంది. ప్రచార కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లు, బ్యాంకులకు 1600 వరస, ఫిర్యాదుకు 1930 ఆ ప్రయత్నాలే.

## ఇప్పుడు కొంటున్నది రోజులను

మొదటి ప్రశ్నకు వద్దాం. 2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా 35 రూపాయల కనీస రీచార్జ్ పెట్టాయి. అది చేయకపోతే ముందు అవుట్‌గోయింగ్, తర్వాత ఇన్‌కమింగ్ ఆగిపోతుంది. కారణం పైన చెప్పుకున్నదే. ఐయూసీ 14 నుంచి 6 పైసలకు పడిపోయాక, ఫోన్లు అందుకోవడానికే ఉన్న సిమ్‌ల మీద కంపెనీకి వచ్చే ఆదాయం ఎండిపోయింది. ఆ సిమ్ నెట్‌వర్కులో ఉంటే ఖర్చు మాత్రం ఉంటుంది. దాంతో 2003 నాటి ‘ఇన్‌కమింగ్ ఉచితం’ అన్న హామీ పదిహేనేళ్లకు చడీచప్పుడు లేకుండా వెనక్కి పోయింది. 35 రూపాయలతో మొదలైన ఆ కనీసం, 2019 డిసెంబరు, 2021 నవంబరు, 2024 జూలై పెంపులతో 200 రూపాయల చుట్టుపక్కలకు వచ్చింది.

పెరుగుతున్నది ఈ గడువు ధరే. కాల్ ఉచితం, నెట్‌వర్కులో ఉండటం ఉచితం కాదు. అందులోనూ గడువు 28 రోజులు. నెల అనుకుని కట్టేవారికి ఏడాదికి 12 రీచార్జ్‌లు కావు, 13 పడతాయి. దీని మీద ఫిర్యాదులు వచ్చాక 2022 జనవరిలో ట్రాయ్ ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్యాక్, ప్రతి నెలా ఒకే తేదీన కట్టే మరో ప్యాక్ ఉంచాలంది. ఉన్నాయి గానీ దుకాణాల్లో ముందుగా చూపించేవి 28 రోజులవే.

రెండో సమస్య కట్టకట్టి అమ్మడం. కీప్యాడ్ ఫోన్ వాడేవారికి డేటా దేనికి? అయినా కొనాల్సి వచ్చేది. 2024 డిసెంబరులో ట్రాయ్ డేటా లేని, మాట, ఎస్ఎంఎస్ మాత్రమే ఉన్న ప్యాకులు తప్పనిసరిగా పెట్టాలని ఆదేశించింది. 2025 జనవరిలో కంపెనీలు పెట్టాయి, విమర్శలు వచ్చాక ధర కొంచెం తగ్గించాయి. అప్పుడు 84 రోజులకు జియోలో 450, ఎయిర్‌టెల్‌లో 470 రూపాయల దగ్గర పెట్టారు. రోజుకు ఐదున్నర రూపాయల చుట్టూ పడింది. డేటా తీసేస్తే ధర సగానికి పడుతుందని ఆశించినవారికి నిరాశే. కంపెనీల వాదన ప్రకారం ఖర్చంతా టవర్లు, స్పెక్ట్రం, అప్పుల మీదే ఉంది, డేటా ఇవ్వకపోతే మిగిలేది కొంచెమే. అందులో నిజం ఉంది. పోటీ మూడు కంపెనీలకు కుదించుకుపోవడం వల్ల ధర తగ్గించాల్సిన ఒత్తిడి లేదన్నదీ అంతే నిజం.

రెండు ఇళ్ల లెక్క పక్కపక్కన పెట్టి చూస్తే మార్పు ఎవరికి ఎలా పడిందో తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒక జంట రోజుకు గంట సేపు ఊరికి మాట్లాడి, మిగతా సమయం వీడియోలు చూసి నెలకు ఒక్కొక్కరూ 300 రూపాయలు కడుతున్నారనుకుందాం. 1998 పగటి ఎస్టీడీ లెక్కన 300 కిలోమీటర్ల దూరానికి ఆ గంట మాటలకే వారి జీతం చాలేది కాదు. వీరికి ఫోను ఊహకందనంత చవకైంది. ఊళ్లో ఉన్న తల్లి కీప్యాడ్ ఫోనులో వారానికి నాలుగు కాల్స్ అందుకుంటుంది, తాను చేసేది తక్కువ. 2010లో ఆమె లైఫ్‌టైమ్ కార్డు మీద, ఎప్పుడో పది రూపాయల టాప్-అప్‌తో ఏడాది గడిపింది. ఇప్పుడు ఆమె ఫోను మోగుతూ ఉండాలంటే ప్రైవేటు కంపెనీల డేటా లేని ప్యాకులతోనే, 2025 ధరల లెక్కన, ఏడాదికి రెండువేలకు కాస్త తక్కువ. పింఛను, బ్యాంకు, ఆధార్ ఓటీపీలు అదే నంబరుకు వస్తాయి గనుక వదులుకోవడానికీ లేదు.

నియంత్రణ సంస్థ చేయగలిగింది ఇంకా ఉంది. నంబరును బతికించుకోవడానికి, ప్రీపెయిడ్ ఖాతాలో 20 రూపాయలు ఉంటే 90 రోజులు వాడకపోయినా సిమ్ రద్దు చేయకుండా గడువు పొడిగించాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. ఇన్‌కమింగ్‌కు, ఓటీపీ ఎస్ఎంఎస్‌కు అలాంటి ఒక చిన్న, స్థిరమైన కనీస రుసుము పెట్టే వీలు చట్టప్రకారం ట్రాయ్‌కి ఉంది. ఇప్పటిదాకా అది ధరల నిర్ణయాన్ని చాలావరకు కంపెనీలకే వదిలింది. తర్వాతి పెంపు వచ్చినప్పుడు చూడాల్సింది రోజుకు ఎన్ని జీబీలు ఇస్తున్నారన్నది కాదు, అన్నిటికన్నా కింద ఉన్న ఆ ఒక్క ప్యాక్ ధర ఎంత, దానికి ఎన్ని రోజులు అన్నది.